చీపురు పట్టిన పిల్లాడు, గుమ్మం బయట రోబో: ‘స్టార్ వార్స్’ను మనం ఎలా చూడాలి?

ప్రతి ఏడాదీ మే 4న ‘స్టార్ వార్స్’ అభిమానులు ప్రపంచమంతటా పండగ చేసుకుంటారు. ఆ సినిమాల్లో దీవెనలా పలికే ఒక ఇంగ్లిష్ వాక్యంలోని ‘ఫోర్స్’ అనే మాట, నాలుగో తేదీని చెప్పే ‘ఫోర్త్’ అనే మాట దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ఆ చమత్కారం నుంచే ఈ పండగ పుట్టింది. ఆ రోజు అభిమానులు ముఖ్యంగా రెండు పనులు చేస్తారు. పాత సినిమాలు మళ్లీ చూసి, ఇంతకుముందు ఎవరి కంటా పడని చిన్న వివరాన్ని పట్టుకుని దాని మీద గంటలకొద్దీ వాదించుకోవడం ఒకటి. ఆ కథల్లోంచి బతుక్కి పనికొచ్చే పాఠాలు ఏరుకోవడం రెండోది.

మన విద్యార్థుల్లోనూ ఈ సినిమాలు చూసేవాళ్లు ఉన్నారు. హాస్టల్ గదిలో ఒకే ల్యాప్‌టాప్ ముందు ఐదారుగురు సర్దుకుని కూర్చుని చూస్తారు. ఇంకోవైపు ‘అవన్నీ గ్రాఫిక్స్ ఆటలు, మన ఉద్యమానికి వాటితో ఏం పని’ అనే కార్యకర్తలూ ఉన్నారు. ఈ వ్యాసం ఇద్దరి కోసమూ. మేం చెప్పదలచుకున్నది ఒకటే. చిన్న వివరాలను వెతికే అలవాటు మంచిది. అయితే చూపు ఎక్కడ నిలిపామన్నదాన్ని బట్టి పాఠం మారుతుంది. హీరో చేతిలోని వెలుగు కత్తి మీద నిలిపితే ఒక పాఠం దొరుకుతుంది. గుమ్మం బయట నిలబడ్డవాళ్ల మీద నిలిపితే మరొకటి దొరుకుతుంది.

ముందుగా కొంచెం నేపథ్యం

జార్జ్ లూకస్ తీసిన మొదటి ‘స్టార్ వార్స్’ 1977 మే 25న అమెరికాలో విడుదలైంది. 2019 దాకా ప్రధాన కథలో మూడేసి చొప్పున తొమ్మిది సినిమాలు వచ్చాయి. వాటి చుట్టూ విడి సినిమాలు, యానిమేషన్ సిరీస్‌లు, వెబ్ సిరీస్‌లు చాలా వచ్చాయి. కథ స్థూలంగా ఇది: నక్షత్ర మండలాన్ని ఒక నియంత సామ్రాజ్యం ఏలుతుంటుంది. దానిపై తిరుగుబాటు నడుస్తుంటుంది. ‘ఫోర్స్’ అనే అదృశ్య శక్తిని వశం చేసుకున్న యోధులను జెడాయ్‌లు అంటారు. మనుషులతో పాటు వందల రకాల జీవులు, డ్రాయిడ్లు అనే రోబోలు ఆ లోకంలో ఉంటాయి.

అభిమానుల వెతుకులాట ఎలా ఉంటుందో తెలియడానికి ఒక ఉదాహరణ. 1977 సినిమాలో యువరాణి లేయాను బంధించిన గది నంబరు 2187. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత, 2015లో వచ్చిన సినిమాలో సామ్రాజ్యపు వారసుల సైన్యం నుంచి పారిపోయే సైనికుడి నంబరు ఎఫ్‌ఎన్-2187. ఈ అంకె వెనక కెనడా దర్శకుడు ఆర్థర్ లిప్‌సెట్ 1960లలో తీసిన ‘21-87’ అనే లఘుచిత్రం ఉంది. చదువుకునే రోజుల్లో లూకస్‌ను బాగా కదిలించిన చిత్రాల్లో అదొకటి. ఇది పట్టుకున్న అభిమానులు ‘దర్శకుడికి నివాళి’ అని సంబరపడ్డారు. అది నిజమే. కానీ ఆ వివరంలో ఇంకో విషయం కూడా ఉంది. జైలు గదికి వేసిన అంకే ఇక్కడ ఒక మనిషికి పేరైంది. మన చూపు ఆగాల్సింది అక్కడ.

గుమ్మం దగ్గర

మొదటి సినిమాలో అందరికీ గుర్తుండే సన్నివేశం మోస్ ఐస్లీ అనే ఓడరేవు పట్నంలోని మద్యం దుకాణం. కొమ్ములున్నవాళ్లు, బొచ్చు ఉన్నవాళ్లు, చేప మొహాలవాళ్లు ఒకే కప్పు కింద తాగుతుంటారు. అన్ని జాతులకూ చోటున్న లోకం కదా అనిపిస్తుంది. కుర్ర హీరో ల్యూక్ తన రెండు డ్రాయిడ్లతో లోపలికి అడుగుపెట్టగానే దుకాణదారు గద్దిస్తాడు. అలాంటివాటికి ఇక్కడ చోటు లేదని, బయటే ఉండాలని అంటాడు. ల్యూక్ ఎదురు చెప్పడు. గొడవెందుకు, బయట బండి దగ్గర ఉండమని డ్రాయిడ్లకు చెబుతాడు. వాటిలో మాటకారి అయిన సీ-త్రీపీఓ తనకూ అదే మంచిదనిపిస్తోందని ఒప్పుకుని బయటికి నడుస్తుంది.

నిమిషం కూడా పట్టని ఈ ముక్క చూసి నల్లజాతి ప్రేక్షకులకు అమెరికాలో ‘తెల్లవారికి మాత్రమే’ అని బోర్డులు పెట్టిన హోటళ్లు గుర్తుకొస్తాయి. మనకు రెండు గ్లాసుల పద్ధతి గుర్తుకొస్తుంది. ఊరి హోటల్లో చూరులో విడిగా దోపి ఉంచిన గ్లాసు, తాగాక దాన్ని మనమే కడిగి పెట్టాలన్న నియమం, బెంచీ ఖాళీగా ఉన్నా కింద కూర్చోవడం. ఇది మన పెద్దల అనుభవం. చాలాచోట్ల ఇంకా ముగిసిపోలేదు.

ఈ సన్నివేశంలో మూడు విషయాలు ఉన్నాయి. వెలివేసే దుకాణదారు రాజు కాడు, సేనాని కాడు, మామూలు మనిషి. సామ్రాజ్యం కూలినంత మాత్రాన అతను మారతాడన్న నమ్మకం లేదు. రెండోది, హీరో మంచివాడే. తర్వాత లోకాన్ని కాపాడతాడు. అయినా ఆ గుమ్మం దగ్గర ‘గొడవెందుకు’ అనుకున్నాడు. మూడోది, వెలికి గురైన డ్రాయిడ్ దాన్ని తన మంచికేనని సమర్థించుకుంది. వివక్ష నిలబడటానికి ఈ మూడూ కావాలి.

డ్రాయిడ్లలో కూడా హెచ్చుతగ్గులున్నాయి. లక్షల భాషలు వచ్చిన సీ-త్రీపీఓ, కూతలూ ఈలలూ తప్ప మాట లేని ఆర్‌టూ-డీటూను ఎప్పుడూ తక్కువ చేసి తిడుతుంటుంది. అంబేడ్కర్ చెప్పిన అంచెలంచెల అసమానత ఇదే. పైవాడు తొక్కుతున్నా, తన కింద ఇంకొకడున్నాడన్న తృప్తి ఇద్దరినీ కలవనివ్వదు.

నలభై రెండేళ్ల తర్వాత, 2019లో వచ్చిన ‘ద మాండలోరియన్’ సిరీస్‌లో అదే మద్యం దుకాణం మళ్లీ కనిపిస్తుంది. కథాకాలంలో సామ్రాజ్యం కూలిపోయింది. బల్ల వెనక నిలబడి వడ్డిస్తున్నది ఒక డ్రాయిడ్. అభిమానులు ఈ వివరం పట్టుకుని ‘చూశారా, కాలం మారింది’ అన్నారు. మేం అంత తొందరగా చప్పట్లు కొట్టలేం. పనివాడిగా లోపలికి రానివ్వడం, తోటివాడిగా పక్కన కూర్చోబెట్టుకోవడం ఒకటి కాదు. మన ఆడవాళ్లు దొరల వాకిళ్లు ఊడ్చినప్పుడు గడపలోకి రానిచ్చారు. భోజనానికి రానిచ్చారా?

పేరు, నంబరు, జ్ఞాపకం

2002 సినిమాలో లక్షలాది మంది సైనికులను ఒకే మనిషి నమూనా నుంచి ప్రయోగశాలలో పెంచుతారు. యుద్ధానికి తొందరగా అందిరావాలని వాళ్ల వయసును రెట్టింపు వేగంతో పెరిగేలా చేస్తారు. వాళ్లకు ఉన్నవి నంబర్లే. 2008లో మొదలైన ‘ద క్లోన్ వార్స్’ యానిమేషన్ సిరీస్ వీళ్ల వైపు నుంచి కథ చెప్పింది. సీటీ-7567 తనను రెక్స్ అని పిలిపించుకుంటాడు. ఇంకొకడు తన నంబరులోని ఐదులనే ‘ఫైవ్స్’ అనే పేరుగా మలుచుకుంటాడు. జుట్టు కత్తిరింపులోనో, కవచం మీద వేసిన రంగులోనో తామెవరో చెప్పుకుంటారు. క్రెల్ అనే సేనాని మాత్రం వాళ్లను పేర్లతో పిలవడు, నంబర్లతోనే పిలుస్తాడు. వాళ్లను చావుకు పంపడానికి ఏమాత్రం వెనకాడనిది కూడా అతనే.

పేరు పెట్టి పిలవకపోవడం ఎంత పెద్ద హింసో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎల్లయ్యను ‘ఎల్లిగాడు’ అనీ, పోచమ్మను ‘పోచీ’ అనీ పిలిచే నోళ్లు ఊళ్లో ఎవరివో, ఆ పిలుపుకు పలకాల్సింది ఎవరో మనకు తెలుసు. ముసలివాణ్ని పదేళ్ల దొర కొడుకు ‘ఒరే’ అనగలిగేవాడు. ఆత్మగౌరవ పోరాటం చాలాచోట్ల ‘నన్ను అండీ అను’ అనే దగ్గరే మొదలైంది.

2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో మనిషి విలువను ఒక ఓటుకు, ఒక అంకెకు, ఒక వస్తువుకు కుదించేస్తున్నారని రాశాడు. అదే ఉత్తరంలో తాను కార్ల్ సాగన్‌లా విజ్ఞాన రచయిత కావాలనుకున్నానని, నక్షత్రాలను ప్రేమించానని రాశాడు. ఆకాశం మీద ఆసక్తి మనవాళ్లకు లేదనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

జ్ఞాపకం గురించి కూడా ఒక వివరం ఉంది. 2005 సినిమా చివర్లో సీ-త్రీపీఓ జ్ఞాపకాన్ని తుడిచేయమని ఒక పెద్దమనిషి మామూలుగా, పనిలో పనిగా ఆదేశిస్తాడు. ఆ పెద్దమనిషి విలన్ కాడు, మంచివాళ్ల పక్షమే. ఈ డ్రాయిడ్‌ను తయారు చేసింది అనాకిన్ అనే బానిస పిల్లాడు. ఆ ఆజ్ఞతో అది తనను చేసిన చేతులను మరిచిపోయింది. 1977 సినిమాలో అది అంత అమాయకంగా మాట్లాడటానికి కారణం ఇదేనని అభిమానులు వెనక్కి వెళ్లి అర్థం చేసుకున్నారు. చరిత్ర చెరిపేస్తే మిగిలేది విధేయతే. మన పాఠ్యపుస్తకాల్లో ఎవరి పేర్లుంటాయి, ఎవరివి ఉండవు అని గొడవ పడేది అందుకే.

చెప్పుల్లేని కాళ్లు

టోనీ గిల్రాయ్ రూపొందించిన ‘ఆండోర్’ సిరీస్ 2022లో, 2025లో రెండు భాగాలుగా వచ్చింది. ఇందులో జెడాయ్‌లు లేరు, వెలుగు కత్తులు లేవు. పనివాళ్లు, గుమస్తాలు, ఖైదీలు ఉన్నారు. మొదటి భాగంలో నార్కినా 5 అనే జైలు వస్తుంది. అక్కడ ఖైదీలందరూ వట్టి కాళ్లతో ఉంటారు. నేలంతా లోహం. మాట వినకపోతే ఆ నేలలోకి కరెంటు వదులుతారు. కాపలాదార్ల కాళ్లకు మాత్రం కరెంటు తగలని బూట్లుంటాయి. ఎత్తైన గోడల కన్నా, తుపాకుల కన్నా ఈ ఏర్పాటే ఆ జైలును నడుపుతుంది.

ఆధిపత్య కులాల వీధిలోంచి పోవాలంటే చెప్పులు విప్పి చేతబట్టుకోవాలన్న కట్టుబాటు తెలుగు ఊళ్లలో కొత్త సంగతి కాదు. తోలు శుద్ధి చేసి చెప్పు కుట్టినవాళ్లు మాదిగలు. ఆ చెప్పు తొడుక్కుని వీధిలో నడిస్తే తప్పు పట్టింది వాళ్లనే. నార్కినాలోనూ అంతే. ఖైదీలు పగలూ రాత్రీ వంతులవారీగా ఏవో యంత్ర భాగాలు బిగిస్తుంటారు. దేనికోసమో వాళ్లకు తెలియదు. మొదటి భాగం ఆఖరి పేర్లు పడ్డాక వచ్చే చిన్న దృశ్యంలో అవి ‘డెత్ స్టార్’లో అమర్చే భాగాలని తెలుస్తుంది. గ్రహాలనే పేల్చేసే ఆయుధం అది. పేర్లు పడగానే లేచిపోయినవాళ్లకు ఈ సంగతి తెలియకుండానే పోయింది.

ఆ జైలు నుంచి అందరినీ బయటికి నడిపించింది కీనో లోయ్ అనే ఖైదీ. అంతకుముందు అతను జైలు యాజమాన్యం చెప్పినట్టు తోటివాళ్లతో పని చేయించిన మేస్త్రీ. శిక్ష పూర్తయినవాళ్లను విడిచిపెట్టడం లేదని, ఇంకో అంతస్తుకు మారుస్తున్నారని తెలిశాకే అతను తిరగబడ్డాడు. చివరికి అందరూ సముద్రంలోకి దూకుతుంటే తనకు ఈత రాదని చెబుతాడు. ఈ కథల్లో పాఠం వెతికే విద్యార్థులకు మేం చూపించేది ఇలాంటి చోటు. మేస్త్రీ ఎందుకు అంతకాలం యాజమాన్యం వైపు ఉన్నాడు? ఏ నిజం తెలిశాక మారాడు? ఆ నిజం అందరికీ ఎలా చేరింది? ఉద్యమంలో ఇవి రోజూ వచ్చే ప్రశ్నలే.

రక్తంలో ఏముంది?

మొత్తం కథలో అసలు తగాదా పుట్టుక గురించి. మొదట్లో ఫోర్స్ అంటే అన్ని ప్రాణుల్లో ప్రవహించే శక్తి, సాధనతో పట్టుబడేది అన్నట్టు చెప్పారు. 1999 సినిమాలో అది రక్తపరీక్షకు దిగింది. జెడాయ్ గురువు క్వైగాన్ బానిస పిల్లాడు అనాకిన్ రక్తం తీసి పరీక్ష చేయిస్తాడు. అందులోని ‘మిడిక్లోరియన్లు’ అనే సూక్ష్మజీవుల లెక్క 20 వేలు దాటిందని తేలుతుంది. అంతే, పిల్లాడు మహాపురుషుడని నిర్ణయం. ఈ లెక్క అభిమానుల్లో చాలామందికి నచ్చలేదు. మనకూ నచ్చకూడదు. ప్రతిభ రక్తంలో ఉంటుందనే మాట మనం ‘మెరిట్’ చర్చల్లో కావలసినంత విన్నాం.

అదే సినిమాలో ఇంకో వివరం ఉంది. అనాకిన్‌తో పాటు తల్లి ష్మీ కూడా బానిసే. బానిసలు పారిపోతే పేలిపోయే పరికరాలను వాళ్ల ఒంట్లోనే అమర్చి ఉంటారు. క్వైగాన్ యజమానితో పందెం కాసి పిల్లాడిని విడిపిస్తాడు. తల్లిని అక్కడే వదిలేస్తాడు. పదేళ్లు గడిచినా జెడాయ్ పెద్దలెవరూ ఆమె కోసం తిరిగి రారు. ఆమెను విడిపించింది ఒక మామూలు రైతు. పిల్లాడిలోని ‘ప్రతిభ’ మీద మమకారం తప్ప బానిసత్వం మీద కోపం లేని మంచితనం అది. వాడలోంచి ఒక తెలివైన పిల్లాడిని ఎంచి చదివించి, మిగిలిన వాడను అలాగే ఉంచే దాతృత్వం మనకు తెలియనిది కాదు.

ఇక రే సంగతి. 2015 సినిమాలో రే ఎడారిలో పాత ఇనుము ఏరుకుని బతికే అనాథ. ఆమెలో ఫోర్స్ బలంగా ఉంటుంది. ఎవరి కూతురై ఉంటుందని రెండేళ్లు అభిమానులు లెక్కలు వేశారు. 2017లో రయాన్ జాన్సన్ తీసిన ‘ద లాస్ట్ జెడాయ్’ ఒక జవాబిచ్చింది. ఆమె ఎవరి వారసురాలూ కాదు. తాగుడు డబ్బు కోసం బిడ్డను అమ్ముకున్న అనామకులు ఆమె తల్లిదండ్రులు. 2019 సినిమా వచ్చేసరికి జవాబు మారింది. ఆమె చక్రవర్తి పాల్పటీన్ మనవరాలట. అంత శక్తి ఉందంటే ఏదో పెద్ద ఇంటి రక్తమే అయి ఉండాలన్న మాట మళ్లీ గెలిచింది.

తెలుగువాళ్లకు ఈ మలుపు కొత్త కాదు, కర్ణుడి కథ తెలుసు కాబట్టి. మొదటి ‘స్టార్ వార్స్’ వచ్చిన 1977లోనే, జనవరి 14న, ఎన్.టి. రామారావు ‘దాన వీర శూర కర్ణ’ విడుదలైంది. కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణల్లో, కులం అడిగి కర్ణుణ్ని అవమానించిన సభను దుర్యోధనుడు నిలదీసే ఘట్టం తెలుగునాట ఇప్పటికీ జనం నోళ్లలో ఉంది. సూతపుత్రుడికి విలువిద్య ఎందుకు ఉండకూడదు అన్నది న్యాయమైన ప్రశ్న. కానీ కథ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు. అతను నిజానికి సూతపుత్రుడు కాడు, కుంతి కొడుకు, సూర్యుడి అంశ అని చెప్పి తప్పించుకుంటుంది. అంటే వీరత్వం పెద్ద పుట్టుకకే దక్కింది. నిజమైన సూతపుత్రుడు ఎక్కడ? అతన్ని పెంచిన రాధ, అధిరథుడు ఏమయ్యారు?

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో ప్రభాస్ పోషించిన భైరవ పాత్ర కర్ణుడేనని చివర్లో తెలిసినప్పుడు థియేటర్లు ఊగిపోయాయి. మన తెలుగులో వచ్చిన ఈ భారీ కల్పనలో నీళ్లూ పచ్చదనమూ ఉన్నవాళ్లు పైన ‘కాంప్లెక్స్’లో, ఎండిన కాశీలో మిగిలిన జనం కింద ఉంటారు. ఈ విభజనను చూపడం మంచిదే. కానీ ఆశంతా ఇంకా పుట్టని అవతార పురుషుడి మీద, పాత జన్మల యోధుల మీద పెట్టారు. కింద ఉన్న జనం చేసేది ఎదురుచూడటమే. ‘మాకూ రాజుల రక్తమే, మేమూ ఒకప్పుడు ఏలినవాళ్లమే’ అని కులచరిత్రలు రాసుకునే ధోరణి మనలోనూ ఉంది. ఆ దారిలో గౌరవం దొరికినట్టు అనిపిస్తుంది. కానీ పుట్టుకతోనే విలువ వస్తుందన్న సూత్రాన్ని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. ఎవరి మనవరాలూ కాని రే మనకు కావాలి.

చీపురు

‘ద లాస్ట్ జెడాయ్’ ఆఖరి దృశ్యంలో హీరోలెవరూ లేరు. కాంటో బైట్ అనే ధనికుల జూదపు నగరంలో పందెపు జంతువుల కొట్టం ఉంటుంది. అక్కడ పని చేసే ఒక పిల్లాడు యజమాని అరిచాక ఊడ్చడానికి బయటికి వస్తాడు. గోడకు ఆనించి ఉన్న చీపురు వైపు చెయ్యి చాస్తాడు. చేతికి అందకముందే చీపురు దానంతట అది జరిగి అతని చేతిలోకి వస్తుంది. రెప్పపాటు క్షణం. చాలామంది మొదటిసారి గమనించలేదు. తర్వాత పిల్లాడు ఆకాశంలోకి చూస్తూ చీపురును వెలుగు కత్తిలా పట్టుకుంటాడు. వేలికి తిరుగుబాటుదారుల గుర్తున్న ఉంగరం ఉంటుంది.

అభిమానులు ఇందులో భవిష్యత్ జెడాయ్‌ను చూశారు. మనకు ముందు కనిపించేది చీపురు. పేష్వాల కాలంలో పూనాలో అంటరానివాళ్లు తమ అడుగుజాడలు తామే చెరిపేసుకుంటూ పోవడానికి నడుముకు చీపురు కట్టుకోవాల్సి వచ్చేదని అంబేడ్కర్ 1936 నాటి ‘కుల నిర్మూలన’లో రాశారు. ఉమ్మి నేల మీద పడకుండా మెడలో కుండ. అలాంటి చరిత్ర ఉన్నవాళ్లకు ఆ దృశ్యంలో ఒళ్లు జలదరించడం సహజం. అనామకుడైన పనిపిల్లాడిలో శక్తి ఉందని చెప్పడం ఆ సినిమా చేసిన గొప్ప పని.

అయితే ఒక జాగ్రత్త. చీపురులో మహిమ ఉందనడం మనకు పనికిరాదు. పారిశుధ్యాన్ని ‘సేవ’ అని, ‘తపస్సు’ అని పొగిడేవాళ్లు ఈ దేశంలో చాలామంది. 2013లో చట్టం వచ్చిన తర్వాత కూడా మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో ఊపిరాడక చనిపోతున్నవాళ్లు ఎవరో మనకు తెలుసు. పిల్లాడు చీపురును ఎంత అందంగా పట్టుకున్నాడన్నది ముఖ్యం కాదు. దాన్ని కింద పెట్టి బడికి వెళ్లే రోజు వచ్చిందా అన్నది ముఖ్యం. ఆ పిల్లాడి కథ తర్వాతి సినిమాలో కొనసాగలేదు.

అభిమానం మనిషిని మారుస్తుందా?

కొట్టంలో పిల్లల చేతికి ఆ ఉంగరం చేర్చింది రోజ్ టికో అనే మెకానిక్. ఆ పాత్ర వేసిన కెల్లీ మేరీ ట్రాన్ వియత్నాం మూలాలున్న అమెరికన్. ‘స్టార్ వార్స్’ సినిమాల్లో ప్రధాన పాత్రల్లో ఒకటి దక్కిన తొలి ఆసియా మూలాల నటి. ఆమె మీద కొందరు అభిమానులు జాతి పేరుతో, ఒంటి తీరు పేరుతో నెలల తరబడి బురద చల్లారు. 2018 జూన్‌లో ఆమె తన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులన్నీ తీసేసింది. ఆగస్టులో ‘న్యూయార్క్ టైమ్స్’లో ఒక వ్యాసం రాసి, తన అసలు పేరు లోన్ అని చెప్పుకుంది. 2019 సినిమాలో ఆమె పాత్ర నిమిషంన్నర కూడా కనిపించదు.

నంబరును వదిలి ఫిన్‌గా మారే సైనికుడి పాత్ర వేసిన జాన్ బొయేగాకూ ఇదే అనుభవం. నల్లజాతి మనిషి ఆ కవచంలో ఏమిటని మొదటి టీజర్ వచ్చినప్పుడే రభస చేశారు. చైనా పోస్టరులో అతని బొమ్మను చిన్నది చేశారు. అతను 2020 జూన్‌లో లండన్ హైడ్ పార్కులో నల్లజాతి ప్రాణాల కోసం జరిగిన సభలో నిలబడి మాట్లాడాడు. అంతకుముందు 1999లో జార్ జార్ బింక్స్ పాత్ర చేసిన అహ్మద్ బెస్ట్ మీద కురిసిన ద్వేషం అతన్ని చావు ఆలోచనల దాకా నెట్టింది. ఆ మాట అతనే 2018లో బయటపెట్టాడు. 2023లో ‘ద మాండలోరియన్’లో ఒక పసివాడిని కాపాడే జెడాయ్‌గా అతను తిరిగొస్తే ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు.

వీళ్లను తరిమినవాళ్లు ఆ సినిమాలను పదిసార్లు చూసినవాళ్లే. సామ్రాజ్యం చెడ్డదని తెలిసినవాళ్లే. తిరుగుబాటు గుర్తున్న టీషర్టు వేసుకున్నవాళ్లే. వివరాలన్నీ పట్టుకున్నారు, పాఠం పట్టుకోలేదు. తెర మీది పీడితుడి కోసం ఏడవడం తేలిక. పక్కన కూర్చున్నవాడిని మనిషిగా చూడటం కష్టం.

మనకు ఈ విషయం సినిమా హాలులోనే తెలిసింది. 1991లో చుండూరులో గొడవ రాజుకున్నది సినిమా హాలులో ఒక దళిత యువకుడి కాలు ఆధిపత్య కులం యువకుడికి తగిలిందన్న సాకుతోనే. అది సాంఘిక బహిష్కరణగా మారి, ఆగస్టు 6న 8 మంది దళితుల హత్య దాకా వెళ్లింది. ఆ హాల్లోనూ తెర మీద హీరో అన్యాయాన్ని ఎదిరిస్తూనే ఉండి ఉంటాడు.

ఈ కథలు మనకెందుకు?

1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అంటరానివాళ్ల స్థితికీ నల్లవాళ్ల స్థితికీ ఉన్న పోలికను ప్రస్తావించారు. ఆ డుబోయిస్ 1920లోనే ‘ద కామెట్’ అనే కథ రాశాడు. తోకచుక్క వెంట వచ్చిన విషవాయువుతో న్యూయార్క్ నగరం చచ్చిపోతుంది. ఒక నల్లజాతి ఉద్యోగి, ఒక ధనిక తెల్ల యువతి మాత్రమే మిగిలామనుకుంటారు. ఆ కొద్ది గంటలూ వాళ్ల మధ్య రంగు గోడ కూలిపోతుంది. బతికున్న తెల్లవాళ్లు తిరిగి రాగానే గోడ మళ్లీ లేస్తుంది. ఉన్న లోకాన్ని ఉన్నట్టు చూపడానికి ఆకాశం నుంచి తోకచుక్కను దించాడు డుబోయిస్. మన కాలంలో దళిత రచయిత్రి మిమి మండల్, నల్లజాతి సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్‌కు రాసిన లేఖల సంకలనానికి సహ సంపాదకురాలిగా 2018లో హ్యూగో అవార్డు తుది జాబితాలో నిలిచింది. ఈ దారిలో మనవాళ్లు ఇప్పటికే నడుస్తున్నారు.

కాబట్టి ఈ సినిమాలు చూడొద్దని మేం చెప్పం. హాస్టళ్లలో, అధ్యయన బృందాల్లో కలిసి చూడండి. చూశాక ఈ ప్రశ్నలు వేసుకోండి:

– గుమ్మం బయట ఎవరున్నారు? వాళ్లను ఎవరు ఆపారు, ఎవరు ఊరుకున్నారు?
– ఎవరికి పేరుంది, ఎవరికి నంబరు లేదా తిట్టుపేరు ఉంది?
– ఊడ్చేది, వండేది, మోసేది ఎవరు? కథ ముగిసేసరికి ఆ పని మారిందా?
– శక్తి, తెలివి ఎక్కడి నుంచి వచ్చాయని కథ చెబుతోంది? సాధన నుంచా, సమూహం నుంచా, రక్తం నుంచా?
– గెలిచాక పతకం ఎవరి మెడలో పడింది?

చివరి ప్రశ్నకు ఒక లెక్క ఉంది. 1977 సినిమా ముగింపులో లేయా ఇద్దరు మనుషుల మెడలో పతకాలు వేస్తుంది. వాళ్లతో సమానంగా పోరాడి, పక్కనే నిలబడిన బొచ్చు జీవి చూబాకా మెడ ఖాళీగానే ఉంటుంది. అభిమానులు ఈ సంగతి అడుగుతూనే వచ్చారు. ఎగతాళి చేసినా మానలేదు. 2019 సినిమాలో చూబాకా చేతికి పతకం వచ్చింది. నలభై రెండేళ్లు పట్టింది. సినిమాలో పతకం కాబట్టి ఆలస్యమైనా ఎవరికీ నష్టం లేదు. మన ఊళ్లలో చెరువు, శ్మశానం, గుడి, గ్లాసు అడుగుతున్నవాళ్లకు అంత వ్యవధి లేదు.